కౌంటరు ముందు డిసెంబరు, కౌంటరు వెనుక డిసెంబరు
(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక విశ్రాంత తపాలా ఉద్యోగిని చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల క్రితం కార్యదర్శిగారు ఫోను చేసి, "అమ్మా, ఈసారి డిసెంబరు 17కి మీరు మాట్లాడాలి" అన్నారు. నకారాగారి కేసు గురించి ఏటా మన పెద్దలు చెబుతూనే ఉన్నారు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పు ఇచ్చింది. పెన్షన్ అనేది సర్కారు దయతలచి వేసే భిక్ష కాదనీ, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అనీ, ఫలానా తేదీకి ముందు రిటైరైనవాళ్లు, తరవాత రిటైరైనవాళ్లు అని పెన్షనర్లను రెండు ముక్కలు చెయ్యకూడదనీ చెప్పింది. అంతకుమించి చట్టం సంగతులు చెప్పడానికి నాకంటే తెలిసినవాళ్లు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను డిసెంబరు నెల గురించి చెబుతానన్నాను. ఆయన కాసేపు ఆలోచించి "సరే, ఇరవై నిమిషాలు దాటకండి" అన్నారు.

నేను 1974లో పోస్టాఫీసులో గుమస్తాగా చేరాను. 2011లో రిటైరయ్యాను. ఈ ముప్ఫై ఏడేళ్లలో ఎక్కువ భాగం కోనసీమలోనే గడిచింది. మా ఊరికి రైలు లేదు. మెయిలు సంచులు రాజమండ్రి నుంచి బస్సులో రావాలి. బస్సు ఆలస్యమైతే ఆ రోజంతా ఆలస్యమే. వర్షాకాలంలో అది మామూలు. చలికాలంలో మంచు. డిసెంబరు ఆఖరి వారంలో పొద్దున్న కాలవగట్టు మీద పది గజాల అవతల మనిషి కనపడేవాడు కాదు. ఆ మంచులో బస్సు హారను ఎప్పుడు వినపడుతుందా అని మా పోస్ట్‌మాన్లు వరండాలో చుట్టలు కాల్చుకుంటూ నిలబడేవారు.

ఇతర నెలల్లో రెండు సంచులు వచ్చే చోట డిసెంబరు 20 దాటితే ఐదారు సంచులు దిగేవి. ముందు క్రిస్మస్ కార్డులు, వెంటనే కొత్త సంవత్సరం కార్డులు, అవి తగ్గేలోగా సంక్రాంతి కార్డులు. కవరు అంటించకుండా మూత లోపలికి మడిచి పంపితే బుక్ పోస్టు కింద తక్కువ స్టాంపుతో పోయేది కదా. ఆ సంగతి సగం తెలిసినవాళ్లు తక్కువ స్టాంపూ అంటించేవాళ్లు, కవరూ అంటించేవాళ్లు. అది బేరింగు అయ్యేది. పండగపూట శుభాకాంక్షలకు ఎదురు డబ్బులు కట్టమంటే ఎవరికైనా ఒళ్లు మండదా? పోస్ట్‌మాన్ తిట్లు తిని, కార్డు వెనక్కి పట్టుకొచ్చి నా బల్ల మీద పడేసేవాడు.

పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. వచ్చి పదేళ్లయినా మా వైపు కార్డుల మీద అది కనపడేది కాదు. "పెద్ద రావిచెట్టు దగ్గర, మునసబుగారి ఎదురిల్లు" అని ఉండేది. అదీ చేరేది. ఆ కార్డుల మీద తళుకుల పొడి చల్లి ఉండేది, మీకు గుర్తుండే ఉంటుంది. సార్టింగు అయ్యేసరికి చేతులకి, చీరకి, కళ్లజోడుకి కూడా అంటుకునేది. సాయంత్రం ఇంటికెళ్తే మా పిల్లలు నా మొహం చూసి "అమ్మ నాటకంలో వేషం వేసొచ్చింది" అని నవ్వేవారు.

డేట్ స్టాంపు సంగతి ఒకటి చెప్పాలి. రోజూ పొద్దున్నే తేదీ అచ్చు మార్చి, ఒక ముద్ర పుస్తకంలో వేసి, పోస్ట్‌మాస్టరుగారి సంతకం పెట్టించాలి. తేదీ రోజూ మారుతుంది, నెల నెలకోసారి మారుతుంది. సంవత్సరం అంకె మాత్రం జనవరి 1న ఒక్కరోజే మార్చేది. ఏడాదిపాటు సిరాలో నాని గట్టిపడిపోయిన ఆ చిన్న అచ్చుముక్కను ఊడదీయడం ఒక యజ్ఞం. ఊళ్లో జనం అర్ధరాత్రి కేకులు కోసుకుని కొత్త సంవత్సరం వచ్చిందనుకునేవారు. మాకు మాత్రం ఆ అచ్చు ఊడితేనే వచ్చినట్టు.

ఇంత పని ఉన్న నెలలోనే సెలవుల గొడవ. మిగిలిపోయిన సి.ఎల్.లు డిసెంబరు 31తో మురిగిపోతాయి గనక అందరికీ అప్పుడే కావాలి. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లకు శబరిమల ప్రయాణం. క్రైస్తవ సోదరులకు క్రిస్మస్. మా ఆఫీసులో ఉన్నది నలుగురం. పోస్ట్‌మాస్టరుగారు సెలవు చీటీలు చేతిలో పట్టుకుని పేకముక్కలు పంచుకున్నట్టు పంచేవారు. శబరిమల వెళ్లినవాళ్లు సన్నిధానం పోస్టాఫీసు నుంచి మాకు కార్డు వేసేవారు. ఆ పోస్టాఫీసు యాత్రల కాలంలోనే తెరుస్తారు, దాని ముద్ర మీద స్వామి పద్దెనిమిది మెట్లు ఉంటాయి. ఆ కార్డు వచ్చిందంటే పంపినవాడు మర్నాడో ఎల్లుండో డ్యూటీకి వస్తాడని మాకు ఆశ.

జనవరి 5 దాటాక కార్డులు వెనక్కిపోయి మనియార్డర్లు ముందుకొచ్చేవి. హైదరాబాదు, బొంబాయి, ఖరగ్‌పూర్, మిలిటరీ క్యాంపులు, ఎక్కడెక్కడి నుంచో పండగ డబ్బులు. ఇరవై రూపాయలకు రూపాయి చొప్పున కమీషను కట్టి పంపిన డబ్బు అది. భోగిలోపు అందకపోతే దానికి విలువ లేదు. బట్టలకొట్టువాడు కనుమ నాడు అప్పివ్వడు కదా. కానీ మా సబాఫీసులో రోజుకు ఇంత నగదే ఉంచాలని లెక్క. అంతకు మించితే హెడ్డాఫీసు నుంచి డబ్బు రావాలి. బస్సు దిగి క్యాషు సంచి వచ్చేదాకా పోస్ట్‌మాన్లు ఫారాలు చేత్తో పట్టుకుని కూర్చునేవారు, ఊళ్లలో తల్లులు వీధరుగుల మీద కూర్చునేవారు.

ఫారం చివర కూపన్ను మీద నాలుగు మాటలు రాసే చోటు ఉండేది. చదవకూడదనుకున్నా కంట పడేవి. "చెల్లికి పరికిణీ గుడ్డ కొనండి." "నాన్న మందులకు వాడండి, నాకోసం దాచొద్దు." "ఈసారి కూడా సెలవు దొరకలేదు." ఈ ఆఖరి మాట ఎన్ని కూపన్ల మీద చూశానో లెక్కలేదు. 1980 తరవాత మా కోనసీమ ఆడవాళ్లు కువైటు, మస్కటు వెళ్లడం మొదలయ్యాక ఉత్తరాల దారి తిరగబడింది. అంతవరకూ కొడుకులు తల్లులకు పంపేవాళ్లు. ఇప్పుడు తల్లులే పిల్లలకు పంపుతున్నారు. రిజిస్టరు కవరులో డ్రాఫ్టు, దానితో ఒక ఫోటో. అమ్మమ్మలు ఆ కవరు పట్టుకుని కౌంటరు దగ్గరికొచ్చి, "అమ్మాయీ, కొంచెం చదివిపెట్టు" అనేవారు. వెనక క్యూ ఉన్నా చదివేదాన్ని. క్యూలో ఉన్నవాళ్లు కూడా గొణక్కుండా వినేవారు.

ఇక కౌంటరుకు వెనుక ఉన్న డిసెంబరు.

మాది ఉమ్మడి కుటుంబం. మా వారు హైస్కూలు మాష్టారు. ఇదిగో, మూడో వరసలో కూర్చుని, ఏం చెప్పేస్తానో అని చూస్తున్నారు. డిసెంబరులో ఆయనకు అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు, పిల్లలకు అవే పరీక్షలు. ధనుర్మాసం మొదలైతే తెల్లవారుజామున నాలుగింటికి లేచి కళ్లాపి చల్లాలి, ముగ్గు పెట్టాలి, గొబ్బెమ్మలు పెట్టాలి, పొంగలి నైవేద్యం అవ్వాలి. తొమ్మిదింటికి నేను కౌంటరులో ఉండాలి. మా అత్తయ్యగారు ఉద్యోగం వద్దని ఎప్పుడూ అనలేదు. అయితే ఉద్యోగం ఉందని ముగ్గు చిన్నది పెట్టమనీ అనలేదు.

అరిసెల సంగతి ఈ సభలో ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. మగవాళ్ల కోసం చెబుతున్నాను. బియ్యం నానబెట్టాలి, నీరోడ్చి తడిగా ఉండగానే దంపాలి, తడిపిండి ఆరకముందే పాకం పట్టాలి. మధ్యలో ఆపి రేపు చేద్దామంటే కుదరదు. ఒక శనివారం పొద్దున్న బియ్యం నానబోసి ఆఫీసుకు వెళ్తే, క్యాషు లెక్కలో ఇరవై రూపాయలు తేడా వచ్చి, అది తేలేసరికి రాత్రి ఎనిమిదైంది. తేడా ఎక్కడో కాదు, రెండు పాత నోట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి, అంతే. ఇంటికొచ్చేసరికి అత్తయ్యగారు ఒక్కరే రోలు ముందు కూర్చుని ఉన్నారు. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతేనే నాకు భయం.

ఒక ఏడాది, 1979 అనుకుంటాను, పండగ ముందు ఆవిడే మా ఆఫీసుకు వచ్చారు, కాకినాడలో ఉన్న మా ఆడపడుచుకు మనియార్డరు చెయ్యడానికి. నాతో ఇంట్లో ఇచ్చి పంపవచ్చు. ఎందుకు వచ్చారో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నలభైమంది ఉన్న క్యూలో నిలబడ్డారు. నేను చూసి పక్కకు రమ్మని సైగ చేస్తే తల అడ్డంగా ఊపారు. గంటన్నర నిలబడి, తన వంతు వచ్చాక అందరిలాగే ఫారం ఇచ్చి, డబ్బు ఇచ్చి, రసీదు తీసుకుని, మడిచి బొడ్లో దోపుకుని వెళ్లిపోయారు. ఆ గంటన్నరలో నేను మంచినీళ్లకు కూడా లేవలేదని ఆవిడ చూశారన్న సంగతి మర్నాడు తెలిసింది. నాలుగింటికి నేను లేచేసరికి వాకిట్లో కళ్లాపి చల్లి ఉంది, ముగ్గు సగం అయ్యింది. "నువ్వు పొయ్యి వెలిగించుకో" అన్నారు. అప్పటి నుంచి ధనుర్మాసం ముగ్గు ఆవిడదే, మోకాళ్లు ఒంగినన్నాళ్లూ.

నా సర్వీసు పుస్తకంలో ఆవిడ పేరు లేదు. ఇక్కడ కూర్చున్న ఎంతమంది సర్వీసు పుస్తకాల వెనుక అలాంటి పేరు ఒకటి ఉందో మీకు తెలుసు. మా పోస్ట్‌మాన్లు మంచులో బీటుకు వెళ్లాలంటే ఆ ముందు ఎవరో లేచి చద్దన్నం కట్టివ్వాలి కదండీ. సర్కారు కాగితాల్లో ఆ మనుషులు కనపడే చోటు ఒక్కటే, ఫ్యామిలీ పెన్షన్. ఈరోజు అసలు మాట్లాడాలనుకున్నది దాని గురించే.

మా అత్తయ్యగారిని పుట్టినతేదీ అడిగితే "పెద్దగాలి కొట్టిన ఏడు" అనేవారు. నవ్వుకునేవాళ్లం. మన సంఘంలో ఒక సోదరుడి భార్య, ఆయన పోయి చాలాకాలమైంది, ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్నారు. ఆవిడకు 84 నడుస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు, ఫ్యామిలీ పెన్షనర్లకు కూడా 80 నిండితే 20 శాతం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్లు నిండితే నూటికి నూరు శాతం అదనం ఇవ్వాలని ఆరో వేతన సంఘం తరవాత నిబంధన ఉంది. ఆవిడకు పైసా రాలేదు. పెన్షన్ ఇచ్చే చోట అడిగితే "మీ పి.పి.ఓ.లో మీ పుట్టినతేదీ లేదమ్మా" అన్నారు. నిజంగానే లేదు. భర్త పుట్టినతేదీ, చేరిన తేదీ, రిటైరైన తేదీ, అన్నీ ఉన్నాయి. ఆవిడది మాత్రం ఖాళీ గడి. ఆవిడ మూడుసార్లు తిరిగి, "పోనీలెండి, ఉన్నదే చాలు" అని ఊరుకున్నారు. కిందటేడాది నవంబరులో జీవన ప్రమాణ పత్రం కోసం వాళ్లింటికి వెళ్లినప్పుడు మాటల్లో ఈ సంగతి బయటపడింది. ఆయన రిటైరైన ఆఫీసుకు దరఖాస్తు పెట్టించాం, అక్కడి నుంచి అకౌంట్సు ఆఫీసుకు వెళ్లింది. పదకొండు నెలలు పట్టింది. వచ్చింది, బకాయిలతో సహా. ఆవిడ ఆ డబ్బుతో ముందుగా చేసింది కంటి ఆపరేషను.

ఆ పదకొండు నెలలూ ఆవిడ ఉన్నారు గనక సరిపోయింది.

ఆ రోజే ఇంకొకటి చూశాను. వేలిముద్ర యంత్రం మీద ఆవిడ పది వేళ్లూ పెట్టించాం. ఒక్కటీ పడలేదు. బూడిదతో గిన్నెలు తోమి, రోట్లో పచ్చళ్లు నూరి గీతలన్నీ అరిగిపోయాయి. 2021 నవంబరు నుంచి ముఖం ఫోటోతో పత్రం ఇచ్చే సదుపాయం ఉంది గనక సెల్‌ఫోనులో అయిపోయింది. మంచం మీద ఉన్నవాళ్ల ఇంటికి పోస్ట్‌మానే వచ్చి చేస్తాడు, కొద్ది రుసుము ఉంటుంది. 80 దాటినవాళ్లు నవంబరు దాకా ఆగనక్కర్లేదు, అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. ఎవరికైనా ఈ నవంబరులో ఇవ్వడం కుదరక పెన్షన్ ఆగితే కంగారుపడకండి, పత్రం ఇచ్చాక బకాయితో సహా వస్తుంది.

టెలిగ్రాములు 2013 జులైతో ఆగిపోయాయి. మనం ఎరిగిన మనియార్డరు 2015లో పోయింది. రిజిస్టరు పోస్టును 2025 సెప్టెంబరు 1న స్పీడు పోస్టులో కలిపేశారు. వాటి గురించి బాధపడే ఓపిక నాకు లేదు. మా మనవరాలు పండగ డబ్బులు ఫోనులో నొక్కితే అర నిమిషంలో చేరుతున్నాయి, భోగిలోపు అందుతుందో లేదో అన్న బెంగ లేదు. మంచిదే కదా.

ఈ పూట అడిగేది ఒక్కటే. ఇంటికెళ్లాక పి.పి.ఓ. తీసి, భార్య లేక భర్త పేరు, పుట్టినతేదీ ఉన్నాయో లేదో చూడండి. పాన్ కార్డు, ఓటరు కార్డు, స్కూలు సర్టిఫికెట్టు, ఏది ఉంటే దాని నకలు పట్టుకురండి. మగవాళ్లు చూసి బీరువాలో పెట్టేయడం కాదు, ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఆవిడకు చూపించండి. పి.పి.ఓ. వెంట తెచ్చుకున్నవాళ్లు ఉంటే భోజనాలయ్యాక హాలు వెనుక కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి. దరఖాస్తు ఫారాలు ముప్ఫై తెచ్చాను. సాయంత్రం నాలుగు దాకా అక్కడే ఉంటాను, మా వారు రాసిపెడతారు, ఆయన దస్తూరీ బాగుంటుంది. పులిహోర అయిపోకముందే వెళ్లమని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు.