తెర మీద దొరికిన తోడు

టాటానగర్ స్టేషను పక్కనున్న మన బాగ్‌బేరాలో ఓ పిల్లాడికి ఐఐటీలో సీటొస్తే వీధంతా స్వీట్లు పంచుకుంటాం. అదే పిల్లాడికి సాటి మగపిల్లాడి మీద మనసు పడితే? అమ్మకు చెప్పలేడు. హాస్టల్లో చెబితే ఎగతాళి.

అలాంటివాళ్లే ఇంటర్నెట్‌లో ఒకరినొకరు వెతుక్కున్నారు. వేర్వేరు ఐఐటీల విద్యార్థులు, చదువు ముగించినవాళ్లు ‘ప్రవృత్తి’ అనే బృందమయ్యారు. 2018 నాటికి 350 మందికి పైనే. వాళ్లలో 20 మంది, గేలు, లెస్బియన్లు, ఇంకొందరు, ఆ ఏడాది మే నెలలో స్వలింగ సంబంధాలను నేరంగా ఎంచిన 377వ సెక్షన్ మీద సుప్రీంకోర్టుకెక్కారు. ఆ కేసు పేరు మొదలయ్యేదే ఒక తెలుగు పేరుతో: అన్వేష్ పొక్కులూరి. ఆ సెక్షన్ ఇంకా అమల్లో ఉండగానే, కోర్టు కాగితం మీద సొంత పేరు రాసుకోవడమంటే మాటలా! ఇంట్లోవాళ్లు, చుట్టాలు, ఆఫీసువాళ్లు, అందరూ చదువుతారు. వాళ్ల ధైర్యానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు.

2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పరస్పరం ఇష్టపడ్డ పెద్దవాళ్ల సంబంధం నేరం కాదని ఏకగ్రీవంగా తేల్చింది. పెళ్లి సంగతి వేరు. దానికి చట్టం చేయవలసింది పార్లమెంటేనని 2023 అక్టోబరులో అదే కోర్టు చెప్పింది. ఆ చట్టం కోసం ఆ పిల్లలింకా ఎదురుచూస్తున్నారు.