ఫలక్‌నుమా అందాల్లో మన పెంబర్తి వాటా ఎంత?

(జనగామలో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాద్ పాతబస్తీ దాటినంక గుట్ట మీద ఫలక్‌నుమా కనబడుతది. 1884లో పైగా అమీరు వికారుల్ ఉమ్రా దానికి పునాది వేశాడు. కట్టడానికి తొమ్మిదేండ్లు పట్టింది, ఖర్చుకు ఆయన అప్పుల పాలయ్యాడు. చివరికది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికొచ్చింది. తర్వాత ఎన్నో ఏండ్లు తాళాలు వేసి ఉన్న ఆ మహల్, పదేండ్ల మరమ్మతుల తర్వాత 2010 నవంబరులో తాజ్ వారి హోటల్‌గా తెరుచుకుంది.

లోపలి అలంకరణ గురించి ఏమి చెబుతారో వినండి. పాలరాయి ఇటలీది. గ్రంథాలయం పైకప్పు ఇంగ్లండులోని విండ్సర్ కోటకు నకలు. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనపు బల్ల మీద 2017 నవంబరులో ఇవాంకా ట్రంప్‌కు విందు ఇచ్చారు. అన్నీ గొప్పవే, కాదనం. పాత కట్టడం కూలిపోకుండా నిలబడడం కూడా మంచిదే. కానీ ఈ వైభవానికి డబ్బు ఎక్కడిది? జాగీర్ల రైతు కట్టిన శిస్తు కాదా?

ఇప్పుడు మన జనగామ పక్కనున్న పెంబర్తికి రండి. ఇత్తడి రేకును కాల్చి మెత్తబరుస్తారు. లక్క మీద అంటించి, వెనుక వైపు నుంచి ఉలితో, సుత్తితో కొట్టి బొమ్మను ఉబ్బెత్తుగా లేపుతారు. దెబ్బ కాస్త ఎక్కువైతే రేకు చిరుగుతుంది, పనంతా పోతుంది. కాకతీయుల కాలంలో గుళ్లకు, రథాలకు తొడుగులు వేసిన విద్య ఇది. దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గుర్తింపు వచ్చింది సరే, పని వచ్చిందా? తలుపు తొడుగులు, స్తంభాల పట్టీలు చేయగల చేతులకు సభల్లో ఇచ్చే షీల్డులే దిక్కయినయి. షీల్డుతో ఇల్లు గడవదు.

మానుకోట తండాల్లో అద్దాల కుట్టు ఉంది. భూపాలపల్లి దగ్గర గణపురం కోటగుళ్ల రాళ్ల మీద ఎంత నగిషీ ఉందో చూసినవాళ్లకు తెలుసు. ఇన్ని నమూనాలు ఇంటి ముందు పెట్టుకొని, చారిత్రక భవనాన్ని హోటల్ చేసిన ప్రతిసారీ డిజైనరు విదేశీ కేటలాగు తిరగేస్తే ఎట్లా?

మేము అడిగేది దయ కాదు, టెండరులో ఒక షరతు. సర్కారు భవనాన్ని హోటల్‌కు లీజుకిస్తే, లోపలి లోహపు పని, నేత, కుట్టు పనిలో ఒక వంతు స్థానిక కళాకారులకు నేరుగా ఇవ్వాలి. మధ్య దళారీ వద్దు. ఇత్తడి కొనడానికి సగం సొమ్ము ముందే ఇవ్వాలి. రేకు ధర భరించలేకనే చాలామంది పెద్ద పని ఒప్పుకోరు. చేసినవారి పేరు ఆ గోడ మీదనే ఉండాలి.

ఉద్యోగ మిత్రులారా, ముసాయిదా మీ టేబుల్ మీదికి వచ్చినప్పుడే ఈ షరతు రాయండి. విద్యార్థులు పెంబర్తి పోయి, జానెడు రేకు మీద పనికి ఎన్ని రోజులు పడుతుందో, ఎంత కూలి గిడుతుందో ఇంటింటికీ అడిగి రాసుకొని రండి. ఆ లెక్క చేతిలో లేకుండా రేటు అడగలేం.