పాలు ఒకటే, చట్టాలు రెండు

(తిరువూరులో పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తిరువూరు దాటి కొంచెం ముందుకు పోతే ఖమ్మం జిల్లా వస్తుంది. అక్కడా ‘విజయ’ పాలే, ఇక్కడా ‘విజయ’ పాలే. పేరు ఒకటైనా యజమాని ఒకరు కాదు. అక్కడిది తెలంగాణ రాష్ట్ర సమాఖ్యది. ఇక్కడిది కృష్ణా జిల్లా పాల ఉత్పత్తిదారుల పరస్పర సహాయ సహకార యూనియన్‌ది. గేదెల్లోనూ మేతలోనూ ఏ తేడా లేదు. తేడా అంతా చట్టంలో ఉంది.

1964 సహకార చట్టం కింద ప్రభుత్వం వాటా ధనం ఇవ్వవచ్చు, పాలకవర్గాన్ని రద్దుచేసి పర్సన్ ఇన్‌ఛార్జిని వేయవచ్చు. అటువంటి రోజుల్లో రైతు పాలు పోసి డబ్బు తీసుకుని పోయేవాడే గాని, సంఘం తనదని ఎందుకు అనుకుంటాడు? 1995 పరస్పర సహాయ చట్టం ఈ పద్ధతి మార్చింది. ప్రభుత్వ వాటా లేదు, పెత్తనం లేదు. లోటు వస్తే భరించవలసిందీ సభ్యులే. ఈ రెండో మాట మనలో కొందరికి అంతగా రుచించదు!

2006లో శాసనసభ చట్టాన్ని సవరించి, ఒక్క పాల సంఘాలను మాత్రం తిరిగి 1964 చట్టం కిందికి చేర్చింది. అదీ వెనుకటి తేదీ నుంచి! యూనియన్లు కోర్టుకు వెళ్ళాయి. హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయపరచింది. ఒక చట్టాన్ని నమ్మి తమ ఇష్టంతో చేరిన సభ్యులను, వారిని అడగకుండా మరో చట్టం కింద నడవమనడం సంఘం పెట్టుకునే హక్కుకే భంగమన్నది అందులోని సారం.

ఇది మన ఒక్కరి కథే కాదు. దక్షిణ కొరియాలో 1961లో వ్యవసాయ బ్యాంకును, సహకార సంఘాలను కలిపి ఒక పెద్ద సమాఖ్య చేశారు. ఎరువులు, అప్పులు పల్లెపల్లెకు చేరాయి, కాదనలేము. కాని ఆ సమాఖ్య అధ్యక్షుణ్ణి చాలాకాలం దేశాధ్యక్షుడే నియమించేవాడు. 1980ల చివర చట్టం మారాకగాని సంఘాలు తమ నాయకుణ్ణి తాము ఎన్నుకోలేకపోయాయి.

ఇక మన సంగతి. ప్రైవేటు డెయిరీ వ్యాను వాకిట్లోకి వచ్చి లీటరుకు రూపాయి ఎక్కువిస్తే సభ్యుడు అటు పోతున్నాడు. కోర్టులో గెలిచిన హక్కు అతనికి కనబడేది మహాజన సభలోనే. కార్యదర్శులు ఈసారి సభ నోటీసుతోపాటు జమాఖర్చుల కాగితం కూడా ఇంటింటికీ పంపాలని కోరుతున్నాము. ఊరికి వెళ్ళగానే రిజిస్ట్రేషన్ పత్రం బయటికి తీసి, మీ సంఘం ఏ చట్టం కింద నమోదైందో చూసి, పాలు పోయించుకునే గది గోడమీద పెద్ద అక్షరాలతో రాయించండి.