పత్తర్‌గట్టి: కమాను వెనక గది

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరునో ఆ మాస్టారి విద్వత్తు గురించి అధ్యక్షులవారు చెప్పనే చెప్పారు. నేను చేర్చగలిగింది ఒక్కటే. ఓ మధ్యాహ్నం హైదరాబాదు మదీనా కూడలిలో నా కొలతల టేపు అడిగి పట్టుకెళ్ళారు, తిరిగి ఇవ్వలేదు. అడిగినప్పుడల్లా "ఇంకో కమాను మిగిలిందయ్యా" అనేవారు.

1908 మూసీ వరద, విశ్వేశ్వరయ్యగారి వరద నివారణ పథకం, 1912లో పుట్టిన నగరాభివృద్ధి మండలి ఆరాయిష్-ఎ-బల్దా, అది మదీనా నుంచి చార్‌కమాన్ వైపు కట్టించిన పత్తర్‌గట్టి రాతి కమానుల వరస: ఇవన్నీ మీకు తెలిసినవే. 1998 నాటి వారసత్వ కట్టడాల జాబితా, 2015 డిసెంబరులో వాటికి రక్షణగా ఉన్న 13వ నిబంధన రద్దు, 2019లో ఇర్రం మంజిల్‌ను కూలగొట్టకుండా నిలబెట్టిన హైకోర్టు తీర్పు మీద కూడా ఉపన్యాసాలు చాలానే అయ్యాయి.

నా తగువు వేరు. చార్మినార్ పాదచారుల పథకం మాట మొదలైనప్పటి నుంచీ ఒకటే వింటున్నాను: పత్తర్‌గట్టిలో కాపాడాల్సింది రోడ్డు వైపు ముఖమే, లోపల ఎవరి అవసరం కొద్దీ వాళ్ళు మార్చుకోవచ్చని. అనేవాళ్ళు తెలియనివాళ్ళు కారు. కట్టడాల పరిరక్షణ మీద వచ్చిన 1964 వెనిస్ చార్టర్ 5వ అధికరణాన్నే చూపిస్తారు: కట్టడాన్ని వాడుకలో ఉంచడం మంచిదని అందులో ఉందిగా అంటారు. ఉంది. కానీ ఆ అధికరణం అక్కడితో ఆగలేదు. ఆ వాడుక వల్ల కట్టడం అమరిక మారకూడదని కూడా అంటుంది. సగం చదివి పుస్తకం మూసేస్తే ఎలా? పోనీ, అది విడి కట్టడాల సంగతి, బజారుకు వర్తించదంటారా? పట్టణాల కోసమే రాసిన 1987 వాషింగ్టన్ చార్టర్ తీయండి. కాపాడాల్సిన వాటిలో లోపలి రూపాన్నీ, బయటి రూపాన్నీ కలిపే చెప్పింది రెండో అధికరణం. ఇరవై ఏళ్ళుగా ఈ రెండు అధికరణాలూ చదివి వినిపిస్తూనే ఉన్నాను. జవాబుగా నాకు టీ ఇస్తున్నారు.

చార్టర్లు పక్కన పెట్టండి, గోడనే అడుగుదాం. మొన్న మాఘంలో ఒక బట్టల మడిగెలోకి వెళ్ళాను. షట్టరు పెట్టె కమాను నుదుటిని కప్పేసింది. లోపల అటక కోసం డంగు సున్నపు గోడను తొలిచి ఇనుప దూలం దించారు, చుట్టూ సిమెంటు మెత్తారు. సున్నపు గోడ పీల్చిన చెమ్మను మళ్ళీ గాలికి వదులుతుంది. పైన సిమెంటు పూత పడితే దారి మూసుకుపోయి ఆ చెమ్మ ఉప్పును మోసుకుని పక్కనున్న సున్నంలోంచి బయటికొస్తుంది. నా మోచేతి ఎత్తున తెల్లగా ఉప్పు పూసి ఉంది. యజమాని చీపురుతో దులిపి, "వానలు పడ్డప్పుడల్లా గిదే కథ సార్" అన్నాడు. నాలుగడుగుల అవతల, బయట రాయి కడిగినట్టు నిగనిగలాడుతోంది. ముఖం చూసి మార్కులేసే అధికారి లెక్కలో ఈ మడిగె క్షేమం.

కింద వ్యాపారం, పైన కాపురం అని తలచి కట్టిన వరస పత్తర్‌గట్టి. పైకెళ్ళే మెట్లు తీసేసి, గది గదికీ మధ్య గోడ కొట్టేసి షోరూము చేశాక మిగిలేది నాటకానికి కట్టిన తెర.

మడిగె అన్నాను కదా. హైదరాబాదు ఉర్దూలో మల్గీ, కన్నడంలో మళిగె, మన మడిగె ఒక ఇంటి మాటలే. ఆ మాటకు అర్థం దుకాణపు గది, ముఖం కాదు. అందుకే ఇప్పుడు మడిగె మడిగెకూ ఒక దస్త్రం తయారుచేస్తున్నాను: గోడ మందం ఎంత, మెట్లు ఎటు, ఏ గోడ ఎప్పుడు పోయింది. టేపు కొత్తది కొన్నాను. కొలతలకు దొరకనిది కాగితాల్లో దొరుకుతుంది. మీ తాతల నాటి కిరాయి రసీదులు, కౌలునామాలు, దుకాణం ముందు దిగిన ఫొటోలు ఇంట్లో ఉంటే తెండి. సభ అయ్యాక తలుపు దగ్గరే ఉంటాను. నకలు తీసుకుని అదే రోజు తిరిగి ఇచ్చేస్తాను.