అప్పు లెక్క ఇంటిల్లిపాదికీ తెలియాలి



మేము బడిలో ఉర్దూలో చెప్పే వడ్డీ లెక్కనే ఇక్కడ తెలుగులో మనవి చేస్తున్నాము. నూటికి నెలకు 3 రూపాయలంటే స్వల్పంగానే కనిపిస్తుంది. ఏడాదికి అది 36 రూపాయలు. 20,000 అప్పుకు నెల వడ్డీయే 600. వెయ్యి కడితే అసలులో తగ్గేది 400 మాత్రమే. ఇంకో 500 కలిపితే 900 తగ్గుతుంది.

ఆ 500 ఎక్కడిది? ఇంటి యజమాని ఒక్కడివల్ల కాదు. ఇల్లాలికి, ఎదిగిన పిల్లలకు సంగతి తెలిస్తేనే పండుగ బట్టల్లోనో, దావతుల్లోనో మిగులుతుంది. దాచిన అప్పు మరో అప్పును తెస్తుంది.

అప్పును రాసుకోమని ఖురాన్ షరీఫ్ (2:282) ఆదేశం. ఆ కాగితం ఇంట్లో అందరూ చూడాలి. ఎక్కువ వడ్డీది ముందు తీర్చుదాం. పిల్లల ఫీజు మాత్రం ఆపవద్దు.

ఖుదా హాఫిజ్.