లోపలి తగువు

(పేట యువజనుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



సభ పెడితే మనం బయటి తగువుల గురించే మాట్లాడుకుంటాం. భూమి తగువు, శ్మశానం తగువు, హోటల్లో రెండు గ్లాసుల తగువు. మాట్లాడాల్సిందే. ఈ పూట మాత్రం మన గుండెల్లో జరిగే తగువు గురించి చెబుతాను. దానికి ఎఫ్.ఐ.ఆర్. ఉండదు, సాక్షులుండరు. చదువుకున్న మన పిల్లల్ని అది లోపల్లోపలే తినేస్తోంది.

మన పిల్లోడికి పట్నంలో ఉద్యోగం వస్తుంది. అద్దె ఇల్లు అడగబోతే ఇంటాయన మెల్లగా "మీరేమిట్లు?" అంటాడు. ఉన్నమాట చెప్పెయ్యమంటుంది ఒక మనసు. చెబితే పెళ్ళాంబిడ్డలతో రోడ్డున పడతావు, నోరు మూసుకోమంటుంది ఇంకో మనసు. ఏదో ఒకటి చెప్పి ఇంట్లో దిగుతాడు. ఆ రోజు నుంచి నిద్ర ఉండదు. కూర వాసన బయటికి పోతుందేమోనని కిటికీ మూస్తాడు. బాబాసాహెబు పటం పెట్టె అడుక్కి పోతుంది. ఊర్నుంచి అమ్మ వస్తానంటే గుండె దడదడ, ఆమె మాట విని ఎవరన్నా పసిగడతారేమోనని. చివరికి తనను తానే తిట్టుకుంటాడు, నేను పిరికోణ్ణి, జాతిద్రోహిని అని.

తమ్ముడూ, ఆగు. ఆ తిట్లు తినాల్సింది నువ్వేనా?

1917 నాటి బరోడా సంగతి చెబుతాను. అప్పుడు బాబాసాహెబుకు 26 ఏళ్ళు. అమెరికాలో, లండన్లో చదివి వచ్చారు. చదువుకు డబ్బిచ్చిన బరోడా సంస్థానంలోనే ఉద్యోగం. ఉండటానికి మాత్రం చోటు లేదు. హిందూ హోటళ్ళలో రానివ్వరని పార్సీల సత్రానికి వెళ్ళారు. అక్కడ పార్సీలకే చోటు. సత్రం చూసుకునేవాడితో మాట్లాడుకుని, పుస్తకంలో పార్సీ పేరు రాసి, రోజుకు రూపాయిన్నర లెక్కన దిగారు. మేడ మీద చీకటి, గబ్బిలాలు, పాత సామాను. పలకరించే మనిషి లేడు. సామాను తెచ్చిన మేనల్లుడు ఆ స్థితి చూసి బావురుమంటే వెంటనే తిప్పి పంపేశారు. పదకొండో రోజు డజనుమంది పార్సీలు కర్రలు పట్టుకొచ్చి సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఒక హిందూ స్నేహితుణ్ణి, ఒక క్రైస్తవ స్నేహితుణ్ణి అడిగారు. ఇద్దరి ఇంటా చోటు దొరకలేదు. కామాఠీబాగ్ తోటలో కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్ళిపోయారు.

అంత చదువుకున్న మనిషి చేత ఇంకో పేరు రాయించింది ఎవరు? తలుపు మూసినవాళ్ళు. ఆయన ఆ అవమానాన్ని కడుపులో దాచుకోలేదు. అంటరానితనం ఎట్లా ఉంటుందో విదేశీయులకు అర్థం కావాలని తానే రాసిపెట్టారు. ఇంకో సంగతి. హిందువుగా చావనని 1935లో యేవలాలో ప్రకటించి, నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నది 1956 అక్టోబర్ 14న. మధ్యలో 21 ఏళ్ళు. చదివారు, నలుగురితో చర్చించారు, ఆలోచించారు. మనసులోని తగువు ఒక్క రాత్రిలో తెగాలని రూలేం లేదు.

మరి దాన్ని తీర్చుకునేదెట్లా? పేటలో పెద్దలేం చేస్తారు? ఇద్దర్నీ కూర్చోబెట్టి ఇద్దరి మాటా వింటారు. నీ రెండు మనసుల్నీ అట్లాగే కూర్చోబెట్టు. భయపడే మనసు నీ బిడ్డల్ని కాపాడాలని చూస్తోంది. మండిపడే మనసు నీ ఆత్మగౌరవం. రెండూ నీవే. వాటి మధ్య తగువు పెట్టింది కులం. నేరం మోపాల్సింది దాని మీద.

నాకు తోచిన మాటలు నాలుగు చెబుతాను.

ఒకటి. అడిగిన ప్రతివాడికీ కులం చెప్పాలని మనమేం బాకీ పడలేదు. ఎప్పుడు, ఎవరికి చెప్పాలో నీ ఇష్టం. ఇంటాయన దగ్గర మౌనంగా ఉంటే ఉండు. అమ్మను చూసి మాత్రం సిగ్గుపడొద్దు. ఆమె కూలి డబ్బుతోనే నువ్వు పుస్తకం పట్టావు.

రెండు. పిల్లలకు మన సంగతి మనమే చెప్పాలి. అంబేడ్కర్ ఎవరో, జాషువా ఎవరో, కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో ఏం జరిగిందో ఇంట్లోనే వినాలి. బళ్ళో ఎవడో తిడితే తెలిసే గతి వాళ్ళకు పట్టకూడదు.

మూడు. ఒంటరిగా మోయొద్దు. పట్నంలో ఉన్న మనవాళ్ళు, మాల, మాదిగ, రెల్లి ఎవరైనా సరే, నెలకోసారి ఒకచోట కూర్చోండి. సంఘం కార్యకర్తలకూ ఒక మాట. దాచుకున్నవాణ్ణి ద్రోహి అని వెక్కిరిస్తే వాడు మన సభకు కూడా రాడు. వెనకాల పదిమంది ఉన్నారని తెలిస్తే రేపు వాడే గొంతెత్తి చెబుతాడు.

నాలుగు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. ఇంకో బిడ్డను పోగొట్టుకోలేం. నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తి పుట్టినా ఎవరో ఒకరికి చెప్పండి. ప్రభుత్వం వాళ్ళ టెలి మానస్ నంబరు 14416 ఉంది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. డాక్టరు దగ్గరికి పోవడం నామోషీ అనుకోవద్దు. జ్వరమొస్తే పోవడం లేదా?

మన పెద్దలు మనకు అక్షరం ఇచ్చింది దాక్కుని బతకడానికి కాదు, మనల్ని మనం తిట్టుకోవడానికి అంతకన్నా కాదు. ఈ నెలలోనే మొదటి కూటమి పెట్టుకుందాం. రాలేనన్నవాడి ఇంటికి మనమే వెళదాం.

జైభీమ్!