లోకనాథన్ కాదన్న శాఖలు
(స్మారకోపన్యాస పాఠం, పోర్ట్‌బ్లెయిర్)



మాస్టారి పేరున ఏర్పాటైన ఉపన్యాసానికి నన్ను పిలవడం నాకు దక్కిన గౌరవం. ఆయన పాఠం చెప్పే తీరు గురించి, సంఘానికి చేసిన సేవ గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పారు. నేను ఒక్కటే కలుపుతాను. ఏ వ్యాసం చేతికిచ్చినా మాస్టారు మొదట అడిగేది, "ఈ సంగతి ఎవరు చెప్పారు? ఎవరడిగితే చెప్పారు?" అని. రెండో ప్రశ్నకు జవాబు లేకపోతే కాగితాలు మడిచి తిరిగి ఇచ్చేసేవారు. ఆ రెండో ప్రశ్న పట్టుకునే మేజర్ జనరల్ లోకనాథన్ విషయంలో చరిత్రకారులతో చాలాకాలంగా నాకున్న తగవును ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

తెలిసిన కథ త్వరగా దాటేస్తాను. 1942 మార్చి 23న జపాన్ సేనలు ఇక్కడ, అండమాన్‌లో దిగాయి. 1943 నవంబరులో టోక్యో సమావేశంలో ప్రధాని టోజో ఈ దీవులను నేతాజీ సుభాష్ చంద్రబోస్ నడిపే ఆజాద్ హింద్ ప్రభుత్వానికి అప్పగిస్తామని ప్రకటించాడు. డిసెంబరు 30న నేతాజీ జింఖానా మైదానంలో జెండా ఎగరేశారు. అండమాన్‌కు షహీద్ అనీ, నికోబార్‌కు స్వరాజ్ అనీ పేర్లు పెట్టారు. ఇవి ఇక్కడి పిల్లలందరికీ కంఠోపాఠం. 2018లో ఆ రెండు పేర్లూ నీల్, హేవ్‌లాక్ దీవులకు వచ్చాక పర్యాటకులకూ తెలిశాయి.

జెండా ఎగిరిన తర్వాత పాలించడానికి వచ్చిన మనిషి మాత్రం మన సభల్లో ఎక్కడా వినబడడు. ఆర్కాటు దొరైస్వామి లోకనాథన్ 1888లో పుట్టారు. వృత్తికి వైద్యుడు, ఇండియన్ మెడికల్ సర్వీసు అధికారి. ఆజాద్ హింద్ ఫౌజులో మేజర్ జనరల్ అయ్యారు. 1944 ఫిబ్రవరిలో, యాభై అయిదేళ్లు దాటిన వయసులో, వేళ్ల మీద లెక్కపెట్టగల సిబ్బందితో చీఫ్ కమిషనర్‌గా పోర్ట్‌బ్లెయిర్‌లో దిగారు. అప్పటి ఊరి పరిస్థితి ఎలాంటిదో గుర్తుచేసుకోండి. జనవరి 14న పంజాబీ కవి డాక్టర్ దివాన్ సింగ్ సెల్యులార్ జైలులో చిత్రహింసలకు ప్రాణం విడిచారు. జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని గూఢచారులన్న నెపంతో కాల్చి చంపారు. వాళ్లలో ఎక్కువమంది ఇండియన్ ఇండిపెండెన్స్ లీగు మనుషులే, అంటే లోకనాథన్ ఏ ఉద్యమం తరఫున వచ్చారో ఆ ఉద్యమం వాళ్లే. ఆ రక్తం ఆరకముందే ఆయన వచ్చారు.

జపాన్ నౌకాదళం పోలీసు శాఖను ఇవ్వనంది. దీవులు యుద్ధరంగంలో ఉన్నాయనీ, పూర్తి అప్పగింత యుద్ధం ముగిశాకేననీ చెప్పింది. పోలీసు లేకపోతే తక్కిన శాఖలూ వద్దన్నారు లోకనాథన్. విద్యాశాఖ ఒక్కటీ తీసుకున్నారు. ఏడాది తిరక్కముందే ఆరోగ్యం పాడై రంగూన్ వెళ్లిపోయారు. మేజర్ అల్వీ ఆ బాధ్యత చూశారు.

"ఒక్క శాఖ చేతిలో ఉన్నవాడు పాలకుడా? జపానువాళ్ల చేతి బొమ్మ" అన్న తీర్పుకు ఆధారం ఇదే. ఫౌజు మీద తొలి పుస్తకాల్లో ఒకటి, 1959లో వచ్చిన హ్యూ ట్వాయ్ పుస్తకం, ఈ అప్పగింతను పేరుకు జరిగినదిగానే చూసింది. ట్వాయ్ బ్రిటిష్ సైన్యపు గూఢచారి విభాగంలో పనిచేసినవాడు. తర్వాత ఆ మాటను తిరిగి రాసినవాళ్లలో చాలామంది అది ఎక్కడ పుట్టిందో వెనక్కి వెళ్లి చూడలేదు. అది పుట్టింది ఢిల్లీ ఎర్రకోటలో.

1945 నవంబరు 5న ఫౌజు అధికారులు షానవాజ్, సెహగల్, ధిల్లాన్‌ల మీద సైనిక న్యాయస్థానంలో విచారణ మొదలైంది. లోకనాథన్ అక్కడ ముద్దాయిల తరఫు సాక్షిగా నిలబడ్డారు. ఆ బోను ముందు ఇద్దరు లాయర్ల అవసరాలు ఎలా ఉన్నాయో చూడండి. ఆజాద్ హింద్ ప్రభుత్వానికి భూభాగం ఉందని ముద్దాయిల లాయరు భూలాభాయ్ దేశాయ్ చూపించాలి. అండమాన్, బర్మాలోని జియావాడీ ఎస్టేటు, మణిపూర్‌లో ఫౌజు అడుగుపెట్టిన ప్రాంతం ఆయన లెక్కలో ఉన్నాయి. అండమాన్ ఎవరికీ దఖలు పడలేదని ప్రాసిక్యూషన్ తరఫున అడ్వొకేట్ జనరల్ నౌషేర్వాన్ ఇంజనీర్ నిరూపించాలి. అందుకే ప్రాసిక్యూషన్ వారి ప్రశ్న ఒకే చోట తిరిగింది: నీ చేతికి వచ్చిన శాఖలేవి? విద్యాశాఖ అన్నారు లోకనాథన్. వాళ్లకు అంతే కావాలి. ఎదుటిపక్షం తనకు పనికొచ్చే మేరకే లాగిన జవాబు అది. దాన్నే మన చరిత్రకారులు మొత్తం కథగా తీసుకున్నారు. అదే బోనులో ఆయన చెప్పిన కారణాన్ని, అంటే పోలీసు లేని పాలన తనకు వద్దన్న మాటను, పక్కన వదిలేశారు.

నా వాదన ఇది. కీలుబొమ్మ ఏదీ కాదనడు. అన్ని శాఖలకూ సంతకం పెడతాడు, కుర్చీలో కూర్చుంటాడు, పైవాడు చేసిన పనికి తన ముద్ర వేస్తాడు. లోకనాథన్ ఆ ముద్ర వేయలేదు. రెవెన్యూ తీసుకుని ఉంటే జపాన్ సైన్యం కోసం రైతు ఇంటి ధాన్యం లాక్కెళ్లేది ఆయన పేరు మీదే. న్యాయశాఖ తీసుకుని ఉంటే గూఢచారి కేసుల్లో ముందే రాసిపెట్టిన శిక్షల కింద సంతకం ఆయనదే అయ్యేది. ఆయన సార్వభౌమత్వం ఎక్కడన్నా ఉందంటే ఆ నిరాకరణలోనే ఉంది.

దీనికి గట్టి ఎదురుమాట ఒకటుంది. దాన్ని తప్పించుకోను. "కాదన్నాడు సరే, మరి హింస ఆగిందా? ఆగనప్పుడు అదే రోజు ఎందుకు వెళ్లిపోలేదు?" అంటారు. ఆగలేదు. ఆయన వెళ్లిపోయాకా ఆగలేదు. 1945 ఆగస్టులో వందల మందిని పంట పండించే పని అని చెప్పి పడవెక్కించి, హేవ్‌లాక్ దగ్గర సముద్రంలోకి తోసేశారు. తమవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలకు లోకనాథన్ మీద కోపం ఉంటే దాన్ని కాదనే హక్కు నాకు లేదు. కాని ఆపగల శక్తి చేతికి ఇచ్చి ఉంటే ఆయన ఏం చేసేవారన్నదానికి నా దగ్గర రుజువుంది. దాని పేరు రంగూన్. 1945 ఏప్రిల్ 24న నేతాజీ ఆ నగరం విడిచారు. వెళ్తూ లోకనాథన్‌కు అయిదారు వేల మంది ఫౌజును అప్పగించారు. జపానువాళ్లు వెళ్లిపోయారు, బ్రిటిష్ సేన ఇంకా రాలేదు. ఆ నడిమి రోజుల్లో దోపిడీ జరగకుండా, భారతీయుల, బర్మీయుల ఇళ్లకూ దుకాణాలకూ కాపలా కాసింది ఆయన మనుషులే. మే మొదటివారంలో బ్రిటిష్ సేన వచ్చాక ఫౌజును అప్పగించి ఖైదీ అయ్యారు. ఆ అరవై ఏళ్లకు చేరువైన వైద్యుడు అక్కడ పాలకుడే, ఇక్కడా పాలకుడే. తేడా పోలీసు ఒక్కటే.

యుద్ధం తర్వాతి పునర్నిర్మాణం అనగానే మన పుస్తకాలు 1945 అక్టోబరుతో, బ్రిగేడియర్ సాలమన్స్ ముందు జపాన్ లొంగుబాటుతో మొదలవుతాయి. ఖైదీల వలసను ఎత్తేయడం, చీఫ్ కమిషనర్ ప్యాటర్సన్ ప్రణాళికలు, 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థుల రాక వరసగా వస్తాయి. అవన్నీ ముఖ్యమైనవే. ఆ జాబితా పైన 1944 నాటి బడిని కూడా రాయాలంటాను. బాంబులు పడుతున్న ఊళ్లో, తిండి గింజలు కరువైన ఊళ్లో, రేపటి గురించి ఆలోచించే శాఖ అదొక్కటే. దాన్ని చేతిలోకి తీసుకున్నవాడు యుద్ధం ముగియకముందే యుద్ధం తర్వాతి పని మొదలుపెట్టినట్టే.

ఇక్కడే నేను ఇప్పుడు చేస్తున్న పని గురించి చెప్పాలి. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. మనలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరం నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ల పిల్లలు, మనవలు. వాళ్లెప్పుడు వచ్చారో, ఏ పనికి వచ్చారో ప్రభుత్వ దస్త్రాల్లో వెతికితే కూలీల సంఖ్య దొరుకుతుంది, మనుషులు దొరకరు. మనుషులు బడి అడ్మిషన్ రిజిస్టర్లలో ఉన్నారు. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, వృత్తి గడిలో "వలవేట" అనో "అడవి శాఖ కూలి" అనో ఒక్క మాట, స్వస్థలం గడిలో ఊరి పేరు, చివర బడి మానేసిన తేదీ. తెలుగు మాధ్యమం నడిచిన బడుల పాత రిజిస్టర్లను వరసగా నకలు తీసి, మన వలస చరిత్రను ఆ గడుల నుంచి రాస్తున్నాను. పోలీసు రికార్డు మనల్ని ఖైదీలుగా గుర్తుపెట్టుకుంది, అటవీ రికార్డు కూలీలుగా గుర్తుపెట్టుకుంది. మనకు తల్లిదండ్రులూ ఊరూ ఉన్నాయని రాసిపెట్టింది విద్యాశాఖ ఒక్కటే.

చాలా బడుల బీరువాల్లో ఈ పుస్తకాలు తడికి అట్టలు ఊడి, చెదలు పట్టి ఉన్నాయి. సభలో రిటైరైన ఉపాధ్యాయులు చాలామంది కనిపిస్తున్నారు. మీ బడిలో పాత రిజిస్టరు ఏ గదిలో ఉందో మీకే తెలుసు. దాన్ని నాకు ఇవ్వనక్కర్లేదు, బడి దాటించనక్కర్లేదు. హెడ్మాస్టరు గారి అనుమతితో ఒక పూట కూర్చుని పేజీలు ఫోటో తీసుకోనిస్తే చాలు. 1960కి ముందువైతే ముందు చెప్పండి, వాటి దగ్గరికే మొదట వస్తాను.